క్వెరీయా, రిపోర్టా: మధ్యలో ఎస్‌క్యూఎల్ సర్వర్ గోడు

పైడితల్లమ్మ జాతర తొలేళ్ల రోజు సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం వైపు కాలు పెట్టే సందు లేదు, నేనేమో ఇంట్లో లాప్‌టాప్ ముందే ఉన్నాను, అప్పుడే మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడు ఫోన్ చేసాడు. ఆఫీసు పీసీలన్నిటినీ ఒక్కచోట నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఎస్‌సీసీఎం, దాన్ని నడిపే తెరే కన్సోల్, మా పని దాంతోనే. "అన్నా, కన్సోల్ కదలట్లేదు, మిగతావోళ్లకీ ఇలాగే ఉందంట, నానేటి చేసానో తెలీట్లేదు" అని. శ్రీకాకుళం కుర్రాడు, కంగారొస్తే యాస వచ్చేస్తాది.

పాత జావా ఎన్ని సిస్టమ్స్‌లో ఉందో లెక్క కావాలని మేనేజర్ అడిగితే ఎస్‌సీసీఎం కన్సోల్‌లో క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాసి రన్ కొట్టాడంతే. "రిపోర్ట్ ఉంది కదా నాన్నా" అంటే "కన్సోల్ అయితే లైవ్ కదన్నా" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ రెండూ చూసేది ఆ ఒక్క ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌నే, ఒక్కో పీసీలో ఏమేం ఉన్నాయో సాఫ్ట్‌వేర్లతో సహా చెప్పే హార్డ్‌వేర్ ఇన్వెంటరీ డిఫాల్ట్‌గా 7 రోజులకోసారి వస్తాది, క్వెరీ కొట్టినంత మాత్రాన అది కొత్తదైపోదు.

కన్సోల్‌కీ డేటాబేస్‌కీ మధ్యవర్తి ఎస్‌ఎంఎస్ ప్రొవైడర్, అది రాసుకునే ఎస్‌ఎంఎస్‌ప్రోవ్ లాగ్ తెరిచి చూపించాను. పైన ఎగ్జిక్యూట్ డబ్ల్యూక్యూఎల్ (కన్సోల్ వాడే క్వెరీ భాష) అని వాడు రాసిన క్వెరీ, దాని కిందే ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) అని ప్రొవైడర్ తర్జుమా చేసుకున్నది, అది చూసి వాడే ఆశ్చర్యపోయాడు. కన్సోల్ క్వెరీ నేరుగా ఎస్‌క్యూఎల్‌కి వెళ్లదు, ఎస్‌ఎంఎస్ ప్రొవైడర్ దాన్ని మార్చి పంపాలి, తిరిగొచ్చిన ఒక్కో వరసనీ డబ్ల్యూఎంఐ (విండోస్ నిర్వహణ పద్ధతి) ఆబ్జెక్ట్‌గా చేసి కన్సోల్‌కి ఇవ్వాలి. వాడు అడిగింది యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ పట్టికని, అంటే ఒక్కో పీసీలో ఎన్ని సాఫ్ట్‌వేర్లుంటే అన్ని వరసలు, ఆ మోత అంతా ప్రొవైడర్ నెత్తిన పడింది, అందరి కన్సోల్సూ దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి అందరికీ ఆగిపోయింది.

రిపోర్ట్ అయితే రిపోర్టింగ్ సర్వీసెస్ నుంచి తిన్నగా డేటాబేస్‌లోని ఎస్‌క్యూఎల్ వ్యూస్ (చదవడానికి సిద్ధంగా పెట్టిన పట్టికల్లాంటివి) మీద నడుస్తాది, కౌంట్ కూడా సర్వర్‌లోనే అయిపోతాది. ఫోన్ పెట్టేలోపే లెక్క వచ్చేసింది.

అలాగని రిపోర్ట్‌కి ఖర్చు లేదని కాదు, సైట్ నడిచేదీ ఆ డేటాబేస్ మీదే. వెతికే పేరుకి ముందు కూడా పర్సెంట్ గుర్తు (అక్కడ ఏ అక్షరాలున్నా సరే అని) పెట్టి లైక్ రాస్తే ఇండెక్స్‌లో నేరుగా వెతకడం కుదరదు, క్వెరీలోనైనా రిపోర్ట్‌లోనైనా అంతే. అందుకే పెద్ద రిపోర్టులు రాత్రిపూట సబ్‌స్క్రిప్షన్‌లో పెట్టి మెయిల్‌కి పంపేస్తాను, పొద్దున్నే పదిమందీ బటన్ నొక్కే పని ఉండదు.

నాకు అసలు బాధ కలెక్షన్లతోనే, అంటే పీసీల గుంపులతో. క్వెరీని కలెక్షన్ రూల్‌గా పెట్టి ఇంక్రిమెంటల్ అప్‌డేట్ (మారినవాటిని మాత్రం చూసి గుంపుని సరిచేయడం) టిక్ చేసేస్తారు, డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి నడుస్తాది, అలాంటివి 200 దాటించొద్దని మైక్రోసాఫ్టే చెప్తుంది. వారానికోసారి మారే ఇన్వెంటరీ కోసం 5 నిమిషాలకోసారి ఎందుకు చెప్పండి? డిప్లాయ్‌మెంట్ (ఆ పీసీలకి సాఫ్ట్‌వేర్ లాంటిది పంపే పని) ఉంటేనే కలెక్షన్, ఊరికే చూసుకోడానికైతే రిపోర్ట్, ఆ రాత్రే తమ్ముడికి ఇదే చెప్పాను. సిరిమాను తిరిగిన మర్నాడు కూర్చుని, ఎవరూ వాడని కలెక్షన్లన్నిటికీ తమ్ముడే టిక్ తీసేసాడు.