నాలుగు వందల రూపాయల బంతి

ఆదివారం, రాత్రి 9:40

సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన గోల్ఫ్ బంతుల డబ్బా ఇవాళ విప్పాను. నాలుగు నెలలుగా అది బీరువాలో, నా స్వెటర్ల కింద ఉంది. టైట్‌లిస్ట్ ప్రో వి1, డజను. అక్కడ 55 డాలర్లు పెట్టి కొన్నాడట. మన లెక్కలో ఒక్కో బంతి 400 రూపాయల దాకా పడుతుంది. "అందరికీ బట్టలు తెచ్చా, నీకు మాత్రం ఇవి అన్నయ్యా" అంటూ చేతిలో పెట్టాడు. అంత ప్రేమగా తెచ్చినవాటిని రాళ్లలో పోగొట్టుకోవడానికి మనసొప్పక దాచిపెట్టాను. నిన్న రాత్రి ఫోన్‌లో "వాటితో ఆడావా? ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. ఇంకా విప్పలేదని చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం నాకు బాగా తగిలింది. పొద్దున లేవగానే మొదట చేసిన పని డబ్బా తీసి బ్యాగ్‌లో పెట్టుకోవడమే.

మే నెల కదా, ఏడు దాటాక మొదలుపెడితే నయా ఖిలా గోల్ఫ్ మైదానంలో ఎండకి నిలబడలేం. నాతో ఆడే పెద్దాయన, నేను ఆరింటికల్లా మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట ఉన్నాం. గోల్కొండ కోట గోడ మీద అప్పుడే వెలుగు పడుతోంది. ఆరేళ్లుగా ఆడుతున్నా, ఆ గోడ పక్కన, ఆ బండల మధ్య పచ్చటి గడ్డి దారి, ఫెయిర్‌వే కనిపించినప్పుడల్లా కాసేపు అలా చూస్తూ ఉండిపోతాను.

బంతి మీద స్కెచ్ పెన్నుతో రెండు ఆకుపచ్చ చుక్కలు పెట్టాను, నాదని గుర్తుకి. కొత్త బంతిని చేతిలోకి తీసుకుంటే ఆ పైతొడుగు మిగతా బంతుల్లా గాజుగోళీలా జారదు. వేలికి కాస్త పట్టు దొరుకుతుంది, ఉడికించి పొట్టు తీసిన గుడ్డు ఆరాక ఉన్నట్టు. మా బ్యాగ్ మోసే క్యాడీ చూసి, "కొత్త డబ్బానా సార్? టీవీల పెద్ద ప్లేయర్లు ఆడేది ఇదే గద" అన్నాడు. ఆ మాటతో నా భుజాలు బిగుసుకున్నాయి. బంతిని నిలబెట్టే చిన్న మేకు, టీ మీద పెట్టి నిలబడ్డాక బంతి కనిపించలేదు, నాలుగు వందల రూపాయలు కనిపించాయి. పోగొట్టకూడదు, పోగొట్టకూడదు అనుకుంటూ కొట్టాను. అది కుడివైపు వంకర తిరిగి నేరుగా బండల్లోకి పోయింది.

వెతకడానికి నిబంధనల ప్రకారం మూడు నిమిషాలే. ఇదివరకు ఐదు ఉండేవి, 2019లో తగ్గించారు. క్యాడీ కర్రతో పొదలు కదుపుతూ రెండు నిమిషాలకే, "ఇడ్సిపెట్టుండ్రి సార్. గీ ఎండకాలంల రాళ్ల కింద పాములుంటయ్" అన్నాడు. వెనక్కి నడిచి మళ్లీ టీ దగ్గరికొచ్చి జరిమానా దెబ్బ కలిపి మూడో దెబ్బగా ఇంకో బంతి కొట్టాను. బంతితో పాటు రెండు దెబ్బలు పోయాయి. నాలుగో హోల్‌లో రెండో బంతి నీళ్లలో పడింది. అక్కడ ఇంకో జరిమానా దెబ్బ.

మనసు పాడైపోయింది. అదే మామూలు బంతి అయ్యుంటే రెండడుగులు వేసేలోపు మర్చిపోయేవాణ్ణి. ఇవాళ మాత్రం నడుస్తున్నంత సేపూ తమ్ముడే గుర్తొచ్చాడు.

కానీ ఐదో హోల్‌లో జరిగింది రాయకపోతే ఆ బంతికి అన్యాయం చేసినట్టే. జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్‌కి ఇరవై అడుగుల బయట, ఎండిన గడ్డి మీద ఉంది నా బంతి. మధ్యలో ఇసుక గుంట, బంకర్ అంచు. జెండా దగ్గరగా ఉంది, దాని వెనక గ్రీన్ కిందికి జారుతుంది. ఇలాంటి చోట నా బంతి గ్రీన్ మీద పడి, ఆగకుండా దొర్లి అవతలికి పోవడం మామూలే. బంతిని పైకి లేపే కర్ర, వెడ్జ్ తీసి ఊపిరి పట్టి కొట్టాను. చేతికి తెలిసింది, సరిగ్గా తగిలిందని. చప్పుడు కూడా వేరు, టక్కుమనలేదు, మెత్తగా వచ్చింది. గ్రీన్ మీద పడి ఒక ఎగురు ఎగిరింది. రెండో ఎగురు సగంలోనే ఎవరో కొంగు పట్టి వెనక్కి లాగినట్టు ఆగింది. మూడడుగులు దొర్లి నిలబడిపోయింది. క్యాడీ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆరేళ్లలో నా చేత్తో అలాంటి షాట్ ఎప్పుడూ పడలేదు.

అది ఎందుకు ఆగుతుందో సాయంత్రం చదువుకుని అర్థం చేసుకున్నాను. ఆ బంతి పైతొడుగు యురేథేన్ అనే మెత్తటి పదార్థం. వెడ్జ్ ముఖం మీది సన్నటి గాడులు దాన్ని కొరికి పట్టుకుంటాయి, దాంతో బంతి వెనక్కి గట్టిగా తిరుగుతూ లేస్తుంది. తక్కువ ధర బంతులకి పైన అయోనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, సర్లిన్ అన్నా అదే రకం. అది చెక్కుచెదరదు, బండకి తగిలినా గీత పడి ఊరుకుంటుంది. కానీ వెడ్జ్ దాన్ని పట్టుకోలేదు, బంతి వెడ్జ్ ముఖం మీద జారిపోతుంది. దూరం కొట్టే కర్ర, డ్రైవర్‌తో గట్టిగా కొట్టినప్పుడు కథ వేరు. అప్పుడు బంతి మొత్తం నొక్కుకుపోతుంది, లోపలి రబ్బరు గుండె పనిచేస్తుంది, పైతొడుగు తేడా పెద్దగా తెలియదు. పైగా ఎవరు తయారుచేసినా బరువు 45.93 గ్రాములు మించకూడదు, అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఎంత వేగంతో పోవచ్చో దానికీ హద్దు ఉంది. డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎవరి బంతీ ఆ హద్దు దాటిపోదు.

ఒకప్పుడు ఈ తేడా ఇంకా పెద్దది. పెద్ద ఆటగాళ్లు లోపల రబ్బరు దారం చుట్టిన బంతి ఆడేవారు, పైన బలాటా అనే మెత్తటి తొడుగు. తప్పుగా తగిలితే కత్తి గాటు పడ్డట్టు చీలిపోయేది. మామూలు వాళ్లు గట్టి బంతి ఆడేవారు. 2000 వేసవిలో టైగర్ వుడ్స్ దారం చుట్టని బంతితో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ని 15 దెబ్బల తేడాతో గెలిచాడు. అదే ఏడు అక్టోబరులో లాస్ వేగాస్ పోటీలో ప్రో వి1 మొదటిసారి బయటికొచ్చింది. దూరమూ పోతుంది, గ్రీన్ మీద ఆగుతుంది, చీలదు. ఆ తర్వాత దారం చుట్టిన బంతులు చూస్తూ చూస్తుండగానే కనుమరుగయ్యాయి. కాబట్టి ఖరీదైన బంతి వట్టి పేరుకోసమే అని నేను ఎప్పటికీ అనను. దాని వెనక నిజమైన పనితనం ఉంది.

నా ప్రశ్న వేరు. ఆ పనితనం నా దాకా ఎంత వస్తోంది?

రెండో తొమ్మిది హోల్స్ నా మామూలు బంతితో ఆడాను. డజను 1,500 పెట్టి కొన్న రెండు పొరల బంతి. పన్నెండో హోల్‌లో వెనక ఎవరూ లేకపోతే పెద్దాయన్ని అడిగి, రెండు రకాల బంతులూ ఒక్కొక్కటి నేనే కొట్టి చూశాను. రెండూ ఫెయిర్‌వే మీదే, రెండొందల గజాల దగ్గర పడ్డాయి. మధ్యలో ఆరడుగుల తేడా. ముందున్నది మామూలు బంతి. ఒక్కొక్క దెబ్బతో ఏదీ తేలదని నాకూ తెలుసు. కానీ నా ఊపుకి దూరంలో మూడింతల డబ్బు పెట్టాల్సిన తేడా లేదని మాత్రం ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చాక స్కోర్ కార్డు ముందు పెట్టుకుని దెబ్బ దెబ్బా గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. మొత్తం 97 దెబ్బలు. మొదటి తొమ్మిదిలో 50, రెండో తొమ్మిదిలో 47. మొదటి వాటిలో పోగొట్టుకున్న బంతుల వల్ల పోయిన మూడూ తీసేస్తే రెండూ సమానం. మొత్తంలో పుట్‌లు, అంటే గ్రీన్ మీద గుంతలోకి దొర్లించేవి 37. పుట్ దగ్గర ఏ బంతైనా నాకు ఒకటే. టీ మీంచి కొట్టినవి 19, జరిమానా 2. గ్రీన్ చుట్టూ వెడ్జ్‌తో కొట్టినవి 15. మిగతా 24 వేరే కర్రలతో, అంటే ఐరన్‌లు, వుడ్‌లతో కొట్టినవి. మెత్తటి బంతి నాకు సాయం చేయగలిగేది ముఖ్యంగా ఆ 15లోనే. ఆ 15లో ఆరు సరిగ్గా తగల్లేదు. కర్ర ముందు నేలకి తగిలినవి, బంతి నెత్తిన తగిలినవి. అలాంటి దెబ్బకి ఏ తొడుగైతే ఏం? మిగిలిన తొమ్మిదిలో బంతి ఆగడం వల్ల నిజంగా లాభం వచ్చేవి నాలుగో ఐదో ఉంటాయి. ఇంకోవైపు, భయంతో కొట్టి పోగొట్టుకున్నవి ఒక్కసారికే మూడు దెబ్బలు తిన్నాయి.

ఆట అయ్యాక టీ తాగుతుంటే పెద్దాయనతో ఇదే మాట్లాడాను. రైల్వేలో చేసి రిటైరయ్యారు, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పటికీ నాకంటే పది దెబ్బలు తక్కువలో ముగిస్తారు. ఎప్పుడు చూసినా ఒకే రకం రెండు పొరల బంతి. "మీకు ఇవి కొనుక్కునే స్తోమత ఉంది కదా బాబాయ్‌గారూ, ఎందుకు ఆడరు?" అని అడిగాను.

"అబ్బాయ్, నా బంతి గ్రీన్ మీద పడ్డాక ఎన్ని అడుగులు దొర్లుతుందో నాకు తెలుసు. పదకొండేళ్ల నుంచి అదే బంతి. దొర్లేదానికి తగ్గట్టు ముందే వేస్తాను. నువ్వు ఇవాళ ఎన్ని రకాలు ఆడావు?"

నేను లెక్కపెట్టాను. తమ్ముడిచ్చినవి, నా డజను, బ్యాగ్ అడుగున దొరికిన ఇంకో కంపెనీది ఒకటి. ఒక్క పొద్దున మూడు రకాలు. ఒకటి ఆగుతుంది, ఒకటి దొర్లుతుంది, ఇంకొకటి ఏం చేస్తుందో తెలియదు. ఇక చేతికి ఏం అలవాటు అవుతుంది?

ఆయన వెళ్లిపోయాక ఎండ ముదురుతున్నా చిన్న దెబ్బలు సాధన చేసే చిప్పింగ్ గ్రీన్ దగ్గరికి వెళ్లాను. మూడు ప్రో వి1లు, మూడు మామూలువి. ఇరవై అడుగుల దూరం నుంచి, ఒకే వెడ్జ్‌తో, ఒక్కోటి పదిసార్లు కొట్టాను. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. సరిగ్గా తగిలిన వాటిలో మెత్తటిది పడ్డాక నాలుగడుగుల్లో ఆగుతోంది, గట్టిది ఎనిమిది తొమ్మిది అడుగులు పోతోంది. తేడా కళ్లకి కనిపిస్తోంది. అయితే చివరి పది దెబ్బలకి వచ్చేసరికి గట్టి బంతిని ఎక్కడ పడేయాలో కూడా నాకు తెలిసిపోయింది. నాలుగడుగులు ముందు వేస్తే జెండా దగ్గరికే వస్తోంది. ఇవాళ్టి మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఈ గంటే.

బయటికొస్తుంటే క్యాడీ ఒక సంచి తెరిచి చూపించాడు. రాళ్లలో, పొదల్లో దొరికిన బంతులు కడిగి తుడిచి పెట్టుకున్నాడు. ప్రో వి1 మంచిది 100 రూపాయలట. "వీటితోటే మా పాప స్కూల్ బుక్కులు కొన్న సార్" అన్నాడు. గీతల్లేని వాటిని ఏరి నాలుగు తీసుకున్నాను. దొరికిన బంతిని గోటితో గీకి చూడాలి, తొడుగు లేచినట్టు గరుగ్గా ఉంటే వద్దు. ఈ సంగతీ అతనే నేర్పాడు. నా ఆకుపచ్చ చుక్కల బంతి దొరికితే మాత్రం అమ్మకుండా నాకే ఇమ్మని చెప్పి వచ్చాను.

మా ఆఫీసులో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన పిల్లలు ఇద్దరున్నారు. మొదటి నెలలోనే ఇలాంటి డబ్బాలు రెండేసి కొన్నారు. రేపు వాళ్లతో మాట్లాడాలి. ఆ డబ్బుతో కోచ్ దగ్గర మూడు నాలుగు క్లాసులు వస్తాయి. ఒక రౌండ్‌లో రెండు మూడు బంతులు పోతున్నంత కాలం, పోయినా బాధ లేని బంతే ఆడమని చెప్పాలి. ఒకే రకం ఎంచుకుని ఏడాదంతా దాన్నే పట్టుకోమని చెప్పాలి. వంద దెబ్బల లోపు నిలకడగా ఆడుతూ, పోగొట్టుకోవడం తగ్గి, గ్రీన్ చుట్టూ చేతికి దెబ్బ కుదిరాక మెత్తటి తొడుగు బంతికి మారితే అప్పుడు పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఉంటుంది. అప్పుడు కూడా అన్నిటికంటే ఖరీదైనదే కావాలనేం లేదు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు పోయాయని చెప్పడానికి గొంతు పట్టేసింది. వాడు మాత్రం "ఐదో హోల్ సంగతి మళ్లీ చెప్పు అన్నయ్యా" అన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకా వివరంగా. అక్కడ కాస్ట్‌కో అనే పెద్ద దుకాణంలో కిర్క్‌లాండ్ బంతులు దొరుకుతాయట, తొడుగు యురేథేనే, ధర సగం కంటే తక్కువ. వాడు ఇప్పుడు అవే ఆడుతున్నాడట. "మరి నాకెందుకు ఇంత ఖరీదువి తెచ్చావురా?" అంటే, "నీకు కదా" అన్నాడు.

పది మిగిలాయి. వాటిని మళ్లీ బీరువాలో పెట్టను. బండల మీదికీ తీసుకుపోను. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా చిప్పింగ్ గ్రీన్‌కి వెళ్తాను. అక్కడ బంతి పోయే చోటు లేదు. అన్నిటి మీదా ఆకుపచ్చ చుక్కలు పెట్టి బ్యాగ్ పక్క జేబులో వేశాను. మా పాప నిద్రపోయే ముందు వచ్చి, చుక్కలు ఇంకా ఆరలేదని ఒకదాని మీద వేలు పెట్టి చూసింది. దాని మీద చుక్క కాస్త అలుక్కుపోయింది. దాన్ని అలాగే ఉంచాను.