మాత్ర చేసేదేది, మానడం చేసేదేది

శుక్రవారం రాత్రి, గుంటూరు

సిగరెట్ మానడానికి నేను వేసుకుంటున్న వరెనిక్లిన్ మాత్రల గురించి ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను పనిచేసే మిర్చి యార్డులో ఒకరు, మా వీధిలో ఒకరు, ఇవాళ సాయంత్రం ఫోన్లో మా బావమరిది. అందరిదీ ఒకటే ప్రశ్న, సైడ్ ఎఫెక్టులు ఎలా ఉన్నాయని. ఉన్నాయి. లేవంటే అబద్ధం. కానీ ఏది మాత్ర వల్ల, ఏది సిగరెట్ మానినందువల్ల, ఏది ఈ రెండూ కాక తాగే టీ వల్ల అన్నది విడదీసి చూసుకోకపోతే పాపమంతా మాత్ర నెత్తిన పడుతుంది. మాత్ర ఆపేస్తాం. ఆ తర్వాత కథ ఎటు పోతుందో పొగతాగేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇవాళ్టి రోజుని పొద్దుటి నుంచీ రాసి పెట్టుకుంటున్నాను.

తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు మెలకువ వచ్చింది. కల. మా తాతయ్య పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకుని వేడి మీద ఆరబెట్టే కొట్టంలో, నిలబడి ఉన్నాను. కర్రలకు కట్టిన ఆకు పైకప్పు దాకా వరసలు వరసలుగా వేలాడుతోంది. కింద ఇనప గొట్టాల వేడి కాళ్లకు కొడుతోంది. పచ్చి ఆకు పసుపు తిరిగేటప్పుడు ఒక తియ్యటి వాసన వస్తుంది, ఆ వాసన. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. కలలో మాత్రం ఆయన బనియన్ మీద చెమట మరక, చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ కూడా కనిపించాయి. మామూలు కలలు లేచి కూర్చునేసరికి చెదిరిపోతాయి. ఇవి అలా కాదు. మొహం కడుక్కుని మంచినీళ్లు తాగి వచ్చాక కూడా ఆ వేడి కాళ్లకు తగులుతున్నట్టే ఉంది.

కలల సంగతి డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు కాబట్టి భయం లేదు. ఈ మాత్ర వేసుకున్నవాళ్లు ఎక్కువగా చెప్పేవి వికారం, నిద్ర చెడడం, ఇలాంటి గట్టి కలలు. తలనొప్పి, మలబద్ధకం, కడుపుబ్బరం వాటి తర్వాత. అయితే సిగరెట్ మానినవాళ్లకు ఏ మందూ వాడకపోయినా నిద్ర చెదురుతుంది, సిగరెట్ తాగినట్టు కలలూ వస్తాయి. తాతయ్యను చూపించింది మాత్రా, మానడమా అంటే నేను తేల్చలేను. కానీ ఆయన్ని అంత దగ్గరగా చూసినందుకు మాత్రం సంతోషంగానే ఉంది.

ఈ వరెనిక్లిన్‌ని డాక్టరు చీటీ మీదే కొనాలి. మొదటి మూడు రోజులు రోజుకొక అర మిల్లీగ్రాము, నాలుగు నుంచి ఏడో రోజు దాకా పూటకు అర చొప్పున రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి పూటకు ఒక మిల్లీగ్రాము. మొత్తం 12 వారాలు. మొదటి వారం సిగరెట్ తాగుతూనే మాత్ర వేసుకోవచ్చు, ఎనిమిదో రోజుకల్లా మానేయాలి. ఇది వినగానే నాకు వింతగా అనిపించింది. డాక్టరుగారు చెప్పిన తీరుకి విషయం ఎక్కింది. "పల్లెటూరి బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటారు చూడండి, ఈ మాత్ర మెదడులో ఆ పని చేస్తుంది. నికోటిన్ కూర్చునే చోట ముందే తను కూర్చుంటుంది. కాస్త తృప్తి తనూ ఇస్తుంది కాబట్టి ఒళ్లు మరీ అల్లాడదు. మీరు సిగరెట్ కాల్చినా నికోటిన్‌కు సీటు దొరకదు" అన్నారు. అన్నట్టే ఆ వారం చివరికి సిగరెట్ చప్పబడిపోయింది. సగం కాల్చి పారేయడం అప్పుడే మొదలైంది.

ఇవాళ పొద్దున నాలుగు ఇడ్లీ తిని, నిండు గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకుని బయల్దేరాను. ఈ వరస తప్పనివ్వను. వికారానికి విరుగుడు సగం ఇక్కడే ఉంది. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే కాసేపు కడుపులో తిప్పినట్టుండి సర్దుకుంటుంది. ఉత్త కాఫీ మీద వేసుకుంటే మాత్రం పొద్దెక్కేదాకా నోట్లో నీళ్లూరుతూనే ఉంటాయట. మా ఆవిడకు ఇది బాగా పట్టింది. పొయ్యి మీద టిఫిన్ దిగేదాకా మాత్రల అట్ట నా చేతికి ఇవ్వదు.

మార్చి నెల, మిర్చి యార్డు కిటకిటలాడుతోంది. మా కమీషన్ కొట్టు ముందు తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. టిక్కీ విప్పి కాయలు చేత్తో తీసి చూపిస్తుంటే ఘాటు గాలిలో లేస్తుంది. కొత్తవాళ్లు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, మాకు అలవాటే. కానీ ఈమధ్య నా దగ్గు పెరిగింది. పక్క కొట్టు గుమస్తా చూసి, "అన్నా, తాగేటప్పుడు కూడా ఇంత దగ్గలేదు కదా, ఆ మాత్రలు నీకు పడట్లేదు" అన్నాడు. పాపం ప్రేమతోనే అన్నాడు. పొగ వల్ల మొద్దుబారిపోయిన ఊపిరిగొట్టాల్లోని సన్నటి నూగు మళ్లీ కదిలి, లోపల పేరుకున్న కఫాన్ని పైకి తోస్తుందట. అందుకని మానిన కొత్తలో కొన్ని వారాలు దగ్గు ఎక్కువవచ్చు. ఇది మాత్ర దోషం కాదు, లోపల శుభ్రం జరుగుతోందని గుర్తు. ఇదే అతనికి చెప్పాను. రెండు పెట్టెలు కాల్చే మనిషి, శ్రద్ధగా విన్నాడు. వింటున్నంతసేపూ చేతిలో సిగరెట్ వెలిగించలేదు.

పదకొండు గంటలకు కాటా దగ్గర బరువు తేడా మీద మాటామాటా వచ్చింది. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఇదివరకైతే పక్కకు వెళ్లి ఒకటి వెలిగించి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ పక్కకు వెళ్లడం ఒక్కటే మిగిలింది. వెళ్లాను, షెడ్డు చివర నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి మొహాన నీళ్లు కొట్టుకున్నాను. కోరిక పుట్టి, పెరిగి, ఐదు నిమిషాల్లో దానంతట అదే దిగిపోయింది. ఈ చిరాకు ఎక్కువగా మానడం వల్ల వచ్చేదే. మానిన మొదటి వారాల్లో గట్టిగా ఉండి నెమ్మదిగా తగ్గుతుంది. నాకు ఇప్పటికే తగ్గింది, రోజంతా ఉండటం లేదు, ఇలా టెన్షన్ వచ్చినప్పుడే తల ఎత్తుతోంది.

ఇక టీ. ఇది నేను కలలో కూడా ఊహించని సంగతి. యార్డులో టీ లేనిదే పూట గడవదు. మానిన కొత్తలో మధ్యాహ్నానికి చేతులు సన్నగా వణికేవి, గుండె దడదడలాడేది, రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇదంతా మాత్రేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. డాక్టరుగారు రోజుకు ఎన్ని టీలని అడిగారు. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు లివర్‌ని తొందరపెట్టి టీ, కాఫీల్లోని కెఫీన్‌ని త్వరగా కరిగించేస్తాయట. పొగ ఆగితే ఆ తొందరా ఆగుతుంది. తాగేది అదే టీ, ఒంట్లో నిలిచే కెఫీన్ మాత్రం చాలా ఎక్కువ. టీలు సగానికి తగ్గించాను, సాయంత్రం పూట పూర్తిగా మానేశాను. చేతుల వణుకు పోయింది. ఇది తెలియక ఎంతమంది మంచి మందుని వదిలేసి ఉంటారో అని మనసుకు కష్టంగా ఉంటుంది. పొగ మానేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాటల్లో ఇదొకటి.

రెండో మాత్ర కూడా పడుకోబోయే ముందు కాకుండా సాయంత్రం ఏడు గంటలకల్లా భోజనం చేసి వేసుకుంటున్నాను. కలలు ఆగలేదు గానీ మెలకువలు తగ్గాయి.

భోజనమయ్యాక బావమరిది ఫోన్. బెజవాడ ఆటోనగర్‌లో పని. నన్ను చూసే అతనూ డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రలు మొదలుపెట్టాడు. గొంతులోనే తెలిసిపోయింది. "బావా, ఇక నా వల్ల కాదు. పొద్దున్నే వాంతి. పైగా ఈ మాత్రలు వేసుకుంటే మతి చలిస్తుందని మా షెడ్డులో అంటున్నారు. ఫోన్లో కూడా వచ్చింది."

కోప్పడలేదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఈ మాత్ర కాగితం మీద నల్లగీతల డబ్బా కట్టి మరీ మానసిక సమస్యల హెచ్చరిక వేయించింది. ఆ తర్వాత ఎనిమిది వేల మందికి పైగా పొగతాగేవాళ్ల మీద పెద్ద పరీక్ష జరిగింది. వాళ్లలో సగం మంది అంతకుముందు మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లే. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో, నికోటిన్ పట్టీ వేసుకున్నవాళ్లతో పోలిస్తే దీనివల్ల అలాంటి ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరిగినట్టు కనబడలేదు. ఫలితాలు 2016లో వచ్చాయి, ఆ డిసెంబరులోనే ఆ డబ్బా తీసేశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో దీన్ని చేర్చింది. ఇవన్నీ డాక్టరుగారి దగ్గర విని రాసుకున్నవే, అతనికి చదివి వినిపించాను. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాను. మనసు బాగా కుంగినట్టున్నా, ఎప్పుడూ లేని కోపం వస్తున్నా, చచ్చిపోవాలనిపించినా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పాలి. మనకు తెలియకపోయినా ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది కాబట్టి వాళ్లావిడకు ముందే చెప్పి ఉంచమన్నాను.

"వాంతి సంగతి చెప్పు. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావురా?"

"లేవగానే బావా. కాఫీతో."

"రాత్రిళ్లు మందు?"

కాసేపు పలకలేదు. "శనివారాలు... ఇదివరకటంతే తాగుతున్నా, కానీ గట్టిగా ఎక్కుతోంది."

అదీ మాత్ర కాగితంలో ఉన్నదే. ఇది వాడుతున్నప్పుడు కొందరికి మద్యం మామూలు కంటే ఎక్కువగా ఎక్కుతుంది, తర్వాత ఏం జరిగిందో గుర్తుండకపోవచ్చు. ఈ మాత్ర తనకు ఎలా పడుతుందో తెలిసేదాకా మద్యం జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. తిన్నాక వేసుకున్నా వికారం తగ్గకపోతే డాక్టరే డోసు తగ్గిస్తారు, అర మిల్లీగ్రాము రెండు పూటలా వాడేవాళ్లూ ఉన్నారు. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఎలాగూ తగ్గించే ఇస్తారు. ఇది అసలు పడకపోతే వేరే దారులున్నాయి, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, బుప్రోపియాన్ అనే ఇంకో మాత్ర ఉంది. ఆ రెండోది మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఇందాక మనసు విషయంలో చెప్పింది తప్పిస్తే, ఏదైనా సరే తనంతట తను ఆపడం, మార్చడం వద్దన్నాను. రాత్రి పూట కోరిక ఆపుకోలేకపోతున్నానన్నాడు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ కింద ఒక నంబరు అచ్చేసి ఉంటుంది, 1800-11-2356, డబ్బులు పడవు. పెట్టె రోజూ చేతిలో పట్టుకునే మనిషి ఆ నంబరు ఎప్పుడూ చదవలేదట. రాసుకున్నాడు.

రేపు యార్డుకు సెలవు కాబట్టి పొద్దున్నే గుంటూరు రమ్మన్నాను. కొత్తపేటలో మా డాక్టరుగారికే చూపిస్తాను.

ఈ పొగాకే మా తాతయ్య ఇంటికి అన్నం పెట్టింది. 1976లో పుట్టిన పొగాకు బోర్డు ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఆ పంట పండించినవాళ్ల మీద నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు. కానీ మా అమ్మాయి నిన్న నా పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటూ, "నాన్నా, నీ చొక్కా వాసన రావట్లేదు" అంది. ఆ ఒక్క మాట కోసం ఇంకెన్ని కలలొచ్చినా భరిస్తాను.

డాక్టరుగారిని రేపు నా విషయం కూడా రెండు అడగాలి. మలబద్ధకం ఇంకా తెగలేదు, ఇసబ్‌గోల్ వాడొచ్చా అని ఒకటి. రెండోది ముఖ్యం. 12 వారాలకు మానగలిగినవాళ్లు నిలదొక్కుకోవడానికి ఇంకో 12 వారాలు వాడొచ్చని ఆయనే అన్నారు. సీజన్ అయిపోయేదాకా యార్డులో టెన్షన్ తగ్గదు, వేలాలు, కాటాలు, అమ్మకం పట్టీల గొడవ రోజూ ఉండేదే. అంతదాకా మాత్ర కొనసాగించమని నేనే అడుగుతాను. వికారం, కలలు ఇలాగే ఉన్నా సరే.