దొంగకు పడిన వేలిముద్ర

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి రేషన్ దుకాణంలో అమ్మ వేలిముద్ర ఏ నెలా మొదటిసారే పడదు. నలభై ఏళ్లు అంట్లు తోమీ పిండి రుబ్బీ గీతలు అరిగిపోయాయి. వేలు తుడిచి, కొంగుకు రుద్ది, ఐదోసారి నొక్కితే గానీ యంత్రం ఒప్పుకోదు. అలాంటి అమ్మ ఖాతాలోంచి ఎవరో ఆమె 'వేలిముద్ర'తోనే మూడు దఫాలుగా ఇరవై ఏడు వేలు తీశారు. దొంగకు మాత్రం ఠక్కున పడింది!

పాస్‌బుక్ ముద్రించినప్పుడు తెలిసింది. సందేశాలన్నీ నాన్న నంబరుకు వెళ్లాయి. ఆయనా లేరు, ఆ నంబరూ లేదు. ఓటీపీ అడగలేదా అన్నాను. "ఆధార్‌తో డబ్బు తీయడానికి ఓటీపీ ఉండదు. మౌసీ (పిన్ని) ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు" అన్నాడు గుమాస్తా.

ఆ పన్నెండు అంకెలు రహస్యమా? సిమ్ముకూ గ్యాసుకూ జిరాక్సులు పంచిపెట్టింది మేమే. ఇక వేలిముద్ర, పాతపట్నం వైపు పొలం అమ్మినప్పుడు కాగితాల మీద వేసింది. అలాంటి పత్రాల నుంచి ముద్ర ఎత్తి సిలికాన్‌తో నకలు చేసిన కేసులున్నాయని ఠాణాలో చెప్పారు. పిన్ను పోతే మార్చుకుంటాం. వేలిని ఏం చేస్తాం?

సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. మూడు పనిదినాల్లో చెప్పాలి, అవి దాటాయని గుమాస్తా వెనక్కి నెట్టబోయాడు. రిజర్వు బ్యాంకు 2017 నాటి ఉత్తర్వులో లెక్క డబ్బు పోయిన రోజు నుంచి కాదు, బ్యాంకు కబురు మనకు అందిన రోజు నుంచి. అది చూపించాక రసీదు ఇచ్చారు.

అసలు తిప్పలు బయోమెట్రిక్‌కు, అంటే ఆధార్‌లోని వేలిముద్ర ఇంకెవరూ వాడకుండా, తాళం వేయడంలో. దానికి ఓటీపీ కావాలి, ఓటీపీకి కొత్త నంబరు కావాలి, కొత్త నంబరు ఎక్కించడానికి ఆధార్ కేంద్రంలో మళ్లీ వేలిముద్ర! ఏ వేలూ పడక చివరికి కంటిపాపతో గట్టెక్కాం. తర్వాత తాళం వేశాను.

డబ్బు అయిదు వారాలకు తిరిగి జమైంది. రేషన్ రోజున మాత్రం వరుసలో మా వంతు వచ్చాకే తాళం తీస్తాను. పది నిమిషాల్లో దానంతటదే మళ్లీ పడిపోతుంది. అమ్మ వేలు కొంగుకు రుద్దుతూ ఉంటుంది, నేను గడియారం చూస్తూ ఉంటాను.