బండి ఇండికేటర్లో ఎల్‌ఈడీ వేస్తే టకటకా ఎందుకు కొట్టుకుంటుంది?

మామూలు ఇండికేటర్ బల్బు 21 వాట్లు. ఎల్‌ఈడీ లాగేది రెండు మూడు వాట్లే. కరెంటు తగ్గేసరికి ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే బల్బు మాడిపోయిందనుకుని వేగం పెంచేస్తుంది. ఎల్‌ఈడీకి పనికొచ్చే రిలే దొరికితే అదే మేలు. లేదంటే తగ్గిన కరెంటును లాగేలా ఒక్కో బల్బు రెండు వైర్ల మధ్య (ప్యారలల్‌గా) 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ కలపాలి. అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కు, వైర్లకు దూరంగా బాడీ రేకుకే బిగించండి.

పార్కింగ్ లైట్‌లో పెట్టిన టీ10 సైజు (చిన్న బల్బు) ఎల్‌ఈడీ వెలగలేదా? తిప్పి పెట్టండి, ప్లస్ మైనస్ మారుంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో అయితే హోల్డర్‌లో చిలుము పట్టుంటుంది, ముందు అది గీకాలి.

హెడ్‌లైట్ జోలికి మాత్రం పోవద్దు. హెచ్4 రకం హెడ్‌లైట్ బల్బు వెనకుండే రిఫ్లెక్టర్‌ను చేసింది ఫిలమెంట్ కోసం. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి, రోడ్డు మీద కన్నా ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లోనే ఎక్కువ పడుతుంది.