ఆ వాక్యం తీసేయమన్నారు

"వేల ఏళ్లుగా వాడుతున్నారన్నది డేటా కాదు, తీసేయండి." అశ్వగంధ మీద నేను రాసిన రిపోర్టు మొదటి పేజీ చూసి మా ల్యాబ్ హెడ్ అన్న మాట ఇది. ఆమె గొంతులో వెటకారమేమీ లేదు. అయినా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కూర్చుని ఆ మాట వినడం నాకు మింగుడుపడలేదు.

సర్పగంధ కథ మలుపు తిరిగింది ఈ ఊళ్లోనే మరి. ఆ వేరు బీపీకీ, మతి చలించినవాళ్లకూ పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. బీపీ రోగుల మీద పరీక్షించి రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. 1952లో ఇక్కడి సీబా కంపెనీవాళ్లు అందులోంచి రెసర్పిన్ అనే మందు పదార్థాన్ని వేరుచేశారు. అన్ని మొక్కలుండగా ఆ వేరే ఎందుకు పట్టుకున్నారు? మనవాళ్లు వాడుతున్నారనే కదా!

ఆమె పద్ధతిని మాత్రం కాదనలేను. మందుతో బెదురు తగ్గిందో లేదో చూడటానికి ప్లస్ గుర్తు ఆకారంలో, నేలకు ఎత్తుగా ఒక మేజ్, అంటే దారుల చట్రం, ఉంటుంది. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. మందిచ్చిన చిట్టెలుకను మధ్యలో వదిలి 5 నిమిషాలు వీడియో తీస్తాం. బెదురు తగ్గితే గోడల్లేని దారిలోకి వెళ్తుంది, అంచు మీంచి తల వంచి కిందికి చూస్తుంది. మత్తెక్కితే ఉన్నచోటే ముడుచుకుంటుంది. మత్తును ప్రశాంతత అనుకోకూడదు కాబట్టి అది మొత్తం ఎంత తిరిగిందో విడిగా కొలుస్తాం. బెదురు తగ్గించే మందైన డయజిపామ్ ఇచ్చిన గుంపును పక్కన పెట్టి పోలుస్తాం. లెక్కపెట్టేవాళ్లకు ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలియనివ్వరు. ఈ నిక్కచ్చితనమంటే నాకు గౌరవం.

కానీ ఆ వాక్యం వెనక డేటా ఉందనే ఇప్పటికీ నా వాదన. మనవాళ్లు అశ్వగంధను పాలలో కాచి తాగుతారు. మేం ఆల్కహాల్‌లో నానబెడతాం. రెండింటిలోకీ దిగే పదార్థాలు ఒకటి కావు. 2017లో జపాన్‌లోని సుకుబా యూనివర్సిటీవాళ్లు అశ్వగంధ ఆకుతో చేసిన పరీక్షల్లో నీటి సారం ఎలుకలకు నిద్ర తెప్పించింది, అశ్వగంధలోని విథనోలైడ్లనే పదార్థాలున్న ఆల్కహాల్ సారం తెప్పించలేదు. ఎలా వాడారన్నది పక్కన పెట్టేసి, రేపు ఫలితం రాకపోతే మొక్కలో ఏమీ లేదని తేల్చేస్తే ఎలా? పరాయి దేశంలో మన మొక్క పేరు వింటేనే ప్రాణం లేచివచ్చే నాకు ఆ ఊహే కష్టంగా ఉంది.

వాక్యం తీసేశాను. ఆ చోట ఏ భాగం వాడతారో, దేనిలో కాస్తారో రాసి, పాల కషాయాన్ని కూడా పరీక్షిద్దామని అడిగాను. సరేనన్నారు, ఉత్త పాలిచ్చే గుంపు కూడా విడిగా ఉండాలన్నారు. ఉండాల్సిందే. కొత్త గుంపులంటే కాంటన్ (ఇక్కడి రాష్ట్రం) పశువైద్య శాఖ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు ఇప్పుడు నేనే రాస్తున్నాను.