మోత చూసి తవ్వకూడదు

భూమిలో ఇనుముంటే మోగే, కర్రలా ఉండే లోకేటర్ అనే యంత్రం చేతికొచ్చిన మొదటి రోజు నేను నాలుగు గోతులు తవ్వాను. నాలుగూ ఖాళీ. ఐదో చోట పార ఎత్తేసరికి, అప్పటిదాకా గట్టు మీద కూర్చుని చూస్తున్న మా సీనియర్ సర్వేయర్ లేచి వచ్చి, "అబ్బాయ్, ముందు ఆ బూట్లు విప్పు" అన్నారు. ఎందుకో అర్థం కాకపోయినా విప్పి అవతల పెట్టాను. లోకేటర్ నోరు మూసుకుంది. వేళ్ల దగ్గర ఉక్కు తొడుగు ఉండే సేఫ్టీ బూట్లు అవి. పొద్దున్నుంచి నేను భూమిలో ఇనుము కోసమని నా కాలి వేళ్లనే వెతుక్కుంటున్నానన్నమాట.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. భూమి కొలవడం నా పని. హద్దు మూలల్లో ఎవరో ఎప్పుడో పాతిన ఇనుప ఊసలు మట్టి కింద, గడ్డి కింద, ఒక్కోసారి సిమెంటు కింద పడి ఉంటాయి. అవి దొరికితే కొలత గంటలో తేలిపోతుంది. దొరక్కపోతే రోజంతా పోతుంది, పక్క స్థలం వాళ్లతో మాట కూడా పడాలి.

నా చేతిలో పొడవాటి కర్ర చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "బంగారం దొరుకుతుందా?" దొరకదండీ. బంగారం, వెండి, రాగి, ఇత్తడి, అల్యూమినియం, ఇవేవీ దీనికి కనపడవు. నికెల్, కోబాల్ట్ కూడా పట్టగలదు గానీ నేలలో మాకు తగిలేదల్లా ఇనుమూ ఉక్కే. మెటల్ డిటెక్టర్ అలా కాదు, అది తనే భూమిలోకి ఒక అయస్కాంత క్షేత్రాన్ని పంపి, అక్కడి లోహంలో పుట్టే కరెంటును పసిగడుతుంది. అందుకని ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాకి కూడా ఎగిరి గంతేస్తుంది. లోకేటర్ ఏమీ పంపదు. ఉన్నదాన్ని వింటుంది, అంతే. చెత్తంతా పోసిన స్థలంలో ఈ తేడా ఎంత హాయో పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

ఏం వింటుందో చెప్తాను. కర్రలో రెండు సెన్సర్లుంటాయి. ఒకటి కింది కొసలో, రెండోది దానికి అర మీటరు పైన, దాదాపు మన చెయ్యి దగ్గర. ఏ చోటైనా భూమికి తన సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది కదా, ప్రాంతాన్ని బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం అది). అది రెండు సెన్సర్ల మీదా ఒకేలా పడుతుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది సున్నా. కింద ఇనుము ఉందనుకోండి, కింది సెన్సర్‌కి ఎక్కువ తగులుతుంది, పైదానికి తక్కువ. ఆ తేడానే మన చెవికి శబ్దంగా వస్తుంది. తేడా లేనంతసేపూ నా యంత్రం 40 హెర్ట్జ్ దగ్గర, నిద్రపోయే పిల్లిలా గుర్రుమంటూ ఉంటుంది. తేడా పెరిగేకొద్దీ ఆ గుర్రు కాస్తా సన్నబడి ఈల అవుతుంది.

ఈ సెన్సర్లని ఫ్లక్స్‌గేట్ అంటారు, 1930లలో తయారైనవి. లోపల సులభంగా అయస్కాంతమయ్యే చిన్న లోహపు ముక్క, దాని చుట్టూ తీగ. కరెంటుతో ఆ ముక్కని ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఇక పట్టనంతగా నింపుతూ ఉంటారు. బయటి క్షేత్రం లేకపోతే రెండు వైపులా సరిసమానం. ఉంటే ఒకవైపు ముందే నిండిపోతుంది. ఆ ఎగుడుదిగుడునే కొలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిని విమానాలకు కట్టి, సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాముల్ని వెతికారు. అదే కిటుకుతో నేను జానెడు గడ్డి కింద వేలెడు ఊసని వెతుకుతున్నాను. తలుచుకుంటే నవ్వొస్తుంది.

సరే, అసలు సంగతి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే. ఎక్కడ ఎక్కువ మోగితే అక్కడ తవ్వుతారు. నేనూ చాలా కాలం అంతే. మోత ఎంత ఉందన్నది పెద్ద విషయం కాదు. అది ఎలా పెరుగుతోంది, ఎలా పడిపోతోంది, ఎంత మేర అలాగే ఉంటోంది, ఇదీ వినాల్సింది.

నిలువుగా పాతిన ఊస మీదికి కర్ర వస్తున్నప్పుడు ఎలా ఉంటుందంటే, ఒక అడుగు దూరం దాకా గుర్రు. తర్వాత ఒక చిన్న ఎత్తు. ఆపైన బెత్తెడు జాగాలో ఈల నిట్టనిలువుగా పైకి లేచి, అంతే వేగంగా కూలిపోతుంది. అప్పుడు ఆగి, సెన్సిటివిటీ, అంటే యంత్రం ఎంత చిన్న తేడాకి మోగాలన్న సెట్టింగు, ఒక మెట్టు తగ్గించి, కర్రని నిటారుగా పట్టుకుని అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసినట్టు జరపాలి. రెండు గీతలు కలిసే చోట ఈల మళ్లీ లేస్తుంది. ఇంకో మెట్టు తగ్గిస్తే ఆ చోటు రూపాయి బిళ్లంత అవుతుంది. ఇక పార అక్కర్లేదు, తాపీ చాలు. నాలుగు వేళ్ల లోతున తాపీ అంచుకి ఠంగుమని తగిలినప్పుడు చేతికి వచ్చే ఆ చిన్న అదురు కోసమే నేనీ పనిలో ఉన్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇప్పుడు గొట్టం సంగతి. ఒకసారి మూడు మీటర్ల దూరంలో రెండు చోట్ల ఈల వచ్చింది. రెండూ పదునుగానే ఉన్నాయి, అచ్చం ఊసలాగే. పాత ప్లానులో ఒక్క ఊసే ఉంది. ఏది నిజమైనదో తేల్చుకోలేక రెండూ తవ్వాను. ఒక గోతిలో తుప్పు పట్టిన గొట్టం కొస. రెండో గోతిలో అదే గొట్టం రెండో కొస! పడుకున్న ఇనుము ఇలాగే ఆడిస్తుంది. పొడుగ్గా పడి ఉన్న గొట్టానికి బలమంతా రెండు చివర్లలోనే ఉంటుంది, మధ్యలో మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ రోజు నుంచి రెండు మోతలు వినిపిస్తే ముందు వాటి మధ్యన నడుస్తాను. మధ్యలో నిశ్శబ్దంగా ఉంటే అది గొట్టం అనుకుని పక్కకి వెళ్లిపోతాను. ధ్రువం గుర్తు చూపించే మోడల్ అయితే ఇంకా సులువు, ఒక కొసన ప్లస్, ఇంకో కొసన మైనస్ కనిపిస్తుంది.

లోతు తెలుసుకోవడానికి నేను వాడేది మరీ మోటు పద్ధతి. మోగిన చోటే కర్రని ఒక జానెడు పైకెత్తుతాను. మోత చటుక్కున ఆగిపోతే అది పైపైన ఉన్న మేకో, తీగ ముక్కో. పైకెత్తినా మోత పెద్దగా తగ్గకపోతే కింద పెద్దదేదో లోతుగా ఉంది. చిన్న వస్తువు అయస్కాంత బలం దూరానికి ఘనంలో తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. తేడాని కొలిచే యంత్రానికైతే ఇంకా తొందరగా తగ్గిపోతుంది. అందుకే సర్వే మేకు అడుగు లోతు దాటితే దాదాపు చేజారినట్టే. మ్యాన్‌హోల్ మూత రెండు మీటర్ల కిందున్నా దొరకొచ్చు.

అన్ని మోతలూ ఇనుపవి కావు. కాల్చిన ఇటుక కూడా మోగుతుంది. బట్టీ నుంచి బయటికి వచ్చి చల్లారేటప్పుడు, అందులో ఉన్న ఇనుప ఖనిజం భూమి క్షేత్రాన్ని తనలో దాచుకుంటుంది. పాత గోడ పునాది మీద వెతికేటప్పుడు ప్రతి అడుగూ ఒక రాగం తీస్తుంది. నల్లరాయిదీ అదే గోల. ఇక మన ఒంటి మీద వాటి సంగతి సరేసరి. చేతి గడియారం, బెల్టు బకెల్, జేబులో తాళాల గుత్తి, ఫోను. పై సెన్సర్ మన చెయ్యి దగ్గరే ఉంటుందని మర్చిపోతాం. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి గడియారం పెట్టుకున్న చేత్తో కర్ర పట్టుకుని, చెయ్యి ఊగినప్పుడల్లా "ఇక్కడుంది అన్నా, కాదన్నా, అక్కడుంది" అంటూ స్థలమంతా తిరిగాడు. వాడిని వెంటనే ఆపలేదు నేను. నా బూట్లు గుర్తొచ్చాయి.

ఇనుప కంచె పక్కన మూల ఉంటే మాత్రం నిజంగా టెన్షనే. హద్దు అన్నాక కంచె అక్కడే ఉంటుంది కాబట్టి తప్పదు. కర్రని మామూలుగా పట్టుకుంటే కంచె అరుపు తప్ప ఏదీ వినపడదు. అక్కడ సెన్సిటివిటీ బాగా తగ్గించి, కర్రని నేలకి సమాంతరంగా, కంచెకి అడ్డంగా పట్టుకోవాలి, పై సెన్సర్ కంచెకి దూరంగా ఉండేటట్టు. అలా కంచె వెంట మెల్లగా నడుస్తుంటే మోత ఒకే రకంగా వస్తూ ఉంటుంది. కొస ఊస మీదికి రాగానే ఒక్కసారిగా పడిపోతుంది. అంటే ఇక్కడ వెతకాల్సింది నిశ్శబ్దాన్ని. మొదటిసారి ఇది విన్నప్పుడు బ్యాటరీ పోయిందనుకుని బోల్టులు విప్పబోయాను.

ఒక ముఖ్యమైన సంగతి మధ్యలో చెప్పేస్తాను. మోతలో అదోరకం వణుకు, కరెంటు గుయ్యిమన్నట్టు వినపడితే పార కింద పెట్టేయండి. కింద కరెంటు కేబుల్ ఉండి ఉండొచ్చు. అసలు తవ్వే ముందే అక్కడ కరెంటు, గ్యాసు లైన్లు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. పేలకుండా మిగిలిన బాంబుల్ని వెతికేవాళ్లు వాడేది కూడా ఈ జాతి యంత్రమే. యుద్ధం జరిగిన నేలల్లో మోగిందని గునపం వేసేవాడు ఉండడు.

ఊసలు ఇంత బాగా ఎందుకు మోగుతాయో మా సీనియర్ ఒకసారి చెప్పారు. దాన్ని దించేటప్పుడు సుత్తితో కొడతాం కదా. క్షేత్రంలో ఉన్న ఇనుముని కొడితే అది కొంత అయస్కాంతమవుతుంది. ఉత్తర దక్షిణాలుగా పెట్టి కొట్టిన ఇనుప కడ్డీ అలా మారుతుందని విలియం గిల్బర్ట్ 1600లోనే రాశాడట. భూమి క్షేత్రం చాలా చోట్ల నేలలోకి వాలుగా ఉంటుంది కాబట్టి నిలువు ఊసకీ అందులో వాటా దక్కుతుంది. అంటే పాతినవాడి దెబ్బలు ఎన్నో ఏళ్ల తర్వాత కూడా నా చెవికి వినపడుతున్నట్టే లెక్క.

మొన్నటి పనిలో అదీ వినపడలేదు. మిగతా మూడు మూలలూ దొరికాయి. నాలుగోది ఎక్కడుండాలో రెండు టేపులతో లాగితే చోటు తేలింది. లోకేటర్ అక్కడ గుర్రుమంటూనే ఉంది. సెన్సిటివిటీ పూర్తిగా పెంచాను, బూట్లు విప్పాను, కుర్రాడిని ఇరవై అడుగులు వెనక్కి పంపాను. ఊహూ. "ఎవరో పీకేశారన్నా" అన్నాడు వాడు.

పీకితే గొయ్యి జాడ ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని తాపీతో మట్టిని అట్టులా పొర పొరగా చెక్కాను, తవ్వలేదు. పై మట్టి పోయి, గట్టి బంకమన్ను వచ్చింది. జానెడు లోతున, బూడిద రంగు మట్టిలో ఒక ఎర్రటి చుక్క. ఇంకో పొర చెక్కాను, చుక్క అక్కడే ఉంది. ఇంకో పొర, మళ్లీ అక్కడే. వేలంత మందాన, గుండ్రంగా, నిలువుగా కిందికి దిగిపోతున్న తుప్పు. వేలితో నొక్కితే పసుపు రాసినట్టు చర్మానికి అంటింది. లోపల ఇనుమన్నది రవ్వంత కూడా మిగల్లేదు. పూర్తిగా తుప్పయిపోయిన ఇనుముకి అయస్కాంత గుణం దాదాపుగా పోతుంది, లోకేటర్ తప్పేమీ లేదు.

టేపులు చెప్పిన చోటికి, ఆ మరకకి నాలుగు సెంటీమీటర్ల తేడా ఉంది. మరకనే మూలగా తీసుకున్నాను. ఫొటో తీసి, మూడు వైపుల నుంచి కొలతలు రాసుకుని, దాని నడిమధ్యన కొత్త ఊస పెట్టి కుర్రాడి చేతికి సుత్తి ఇచ్చాను. పద్దెనిమిది దెబ్బలు వేశాడు. మట్టి కప్పేసి లోకేటర్ ఆన్ చేసి పైన పెట్టాను. సెన్సిటివిటీ తగ్గించడం మర్చిపోయాను. ఆ ఈలకి వాడు సుత్తి వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు.