బెజవాడ ఎండలో బన్నులు: ఇప్పటిదాకా కుదిరిన లెక్క

ప్రస్తుతం నేను వాడుతున్న కొలత ఇది: మైదా 300 గ్రాములు, పాలు 190 మిల్లీలీటర్లు, వెన్న 30, పంచదార 25, ఉప్పు 5, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు. ఎనిమిది బన్నులు వస్తాయి, ఒక్కో ఉండ 70 గ్రాములకు కాస్త తక్కువ.

ఈస్ట్ 3 గ్రాములేనా అని అడుగుతారని తెలుసు. వీడియోల్లో ఇంతే మైదాకి 6, 7 గ్రాములు వేసి, గోరువెచ్చటి పాలు పోసి గంటన్నర పక్కన పెట్టమంటారు. అది చల్లటి ఊళ్లకి సరిపోయే పద్ధతి. మే నెలలో మన వంటగదిలో మధ్యాహ్నం 37 డిగ్రీలు, ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, ఆ వేడికి ఇడ్లీ పిండి పొంగినట్టే ఇదీ చూస్తుండగా గిన్నె దాటేస్తుంది, పైగా పుల్లగా సారా వాసన కొడుతుంది. అందుకే పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే పోస్తున్నాను. కలపడం అయ్యేసరికి ముద్ద 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, థర్మామీటర్ లేకపోతే చేతికి చల్లగా తగిలితే సరే.

వెన్న తప్ప అన్నీ కలిపి 20 నిమిషాలు మూతపెట్టి వదిలేస్తాను. ఆలోపు మైదా తడి పీల్చుకుని గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే జిగురు) దానంతటదే కొంత కడుతుంది, తర్వాత వెన్న వేసి పది నిమిషాలు పిసికితే సరిపోతుంది. చిన్న ముక్క సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చగా రావాలి. మొదట్లో చేతికి బాగా అంటుకుంటుంది, అయినా పొడి పిండి చల్లొద్దు. మా అత్తయ్య పక్కన నిలబడి "ఇంకాస్త పిండి వేయవే, జారిపోతోంది" అంటూనే ఉంటుంది, ఆవిడది చపాతీల లెక్క.

పిండి సగం పొంగగానే రాత్రంతా ఫ్రిజ్‌లో. రుచి ఇక్కడే వస్తుంది, నన్నడిగితే ఈ ఒక్కటీ మానేయొద్దు. పొద్దున్నే ఎండెక్కకముందు ఉండలు చేసి, బీసెంట్ రోడ్డులో కొన్న ఎనిమిదంగుళాల చదరపు టిన్నులో సర్దుతాను. అవి మళ్లీ పొంగాక వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడాలి. వెంటనే పూడిందంటే ఇంకా ఆగాలి, అసలు పూడకపోతే ఎక్కువ పొంగిపోయినట్టు.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కిందా పైనా రెండు రాడ్లూ వేసి 190 డిగ్రీల దగ్గర పావుగంట వేడి చేసి, మధ్య అరలో 18 నుంచి 20 నిమిషాలు. పంచదార, పాలు ఉన్నాయి కాబట్టి పైన తొందరగా ఎర్రబడుతుంది, 12 నిమిషాలకి ఫాయిల్ కప్పుతాను. బయటికి తీయగానే వెన్న రాసి పల్చటి గుడ్డ కప్పితే పైపొర మెత్తబడుతుంది.

గోధుమపిండి కూడా పెట్టి చూశాను. మైదాలో 100 గ్రాములు తీసి దాన్ని వేస్తే పాలు ఇంకో 20 మిల్లీలీటర్లు పడతాయి, పొంగు మాత్రం తగ్గుతుంది, పొట్టు గ్లూటెన్ పోగుల్ని తెంచుతుంది కదా. తినడానికి బానే ఉంది గానీ నాకంత నచ్చలేదు.

మిగిలిన సమస్యల్లా రెండోరోజు గట్టిపడటం. దానికి ఈ కొలతలోంచే 20 గ్రాముల మైదా, 100 మిల్లీలీటర్ల పాలు తీసి, సన్న మంట మీద గంజిలా చిక్కబరచి, చల్లార్చి కలపబోతున్నాను. అలాగే సగం బన్నుల్లో గుంటూరు కారం వేసి వేయించిన ఉల్లిపాయ పెట్టాలని ఉంది, అది బాగా పొడిగా వేగాలి, తడి ఉంటే అడుగున అతుకు విడిపోతుంది.